వాడుకుని వాపసు ఇవ్వడం: దుకాణం ఒప్పుకున్నంత మాత్రాన సరైపోతుందా?

మీ ప్రశ్నలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే సగం చిక్కు వీడిపోతుంది.

మొదటిది మీ బావగారి సంగతి. విహారయాత్రకు వెళ్లే ముందు ఆయన మంచి కెమెరా ఒకటి కొంటారు. తిరిగి వచ్చాక తుడిచి, పెట్టెలో ఉన్నది ఉన్నట్టు సర్ది, గడువు దాటకముందే దుకాణానికి ఇచ్చేసి పూర్తి సొమ్ము వెనక్కి తీసుకుంటారు. మళ్లీ యాత్ర వస్తే మళ్లీ కెమెరా. "కారణం అడగం అని రాసుకున్నది వాళ్లే. నేను అబద్ధమాడలేదు, వస్తువు పాడుచేయలేదు, గడువు దాటలేదు. ఇందులో తప్పెక్కడుంది?" అని ఆయన అడిగితే మీకు జవాబు తోచలేదు. రెండోది మీ బూట్ల సంగతి. కొండలెక్కడానికి కొన్న బూట్లకు రెండేళ్లలో అడుగుభాగం ఊడింది. "ఎప్పుడు అసంతృప్తి కలిగినా తెచ్చివ్వండి" అన్నది ఆ దుకాణం హామీ. తీసుకెళ్తే మీరూ బావగారి కోవలోకే చేరతారేమోనని మీ సంకోచం.

నేను చాలాకాలం ఒక గొలుసు దుకాణాల సంస్థలో వాపసుల కౌంటర్ చూసుకున్నాను. తర్వాత అక్కడే వాపసు నియమాలు రాసే పనికి మారాను. అంటే ఆ నియమాలను వాడుకునేవాళ్లనూ చూశాను, వాటిని ఏ లెక్కలు వేసుకుని రాస్తారో కూడా చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: బావగారు చేస్తున్నది తప్పే. మీరు చేయబోయేది తప్పు కాదు, ఒక్క షరతు మీద. ఆ షరతు ఏమిటో కెమెరా సంగతి తేలాక చెబుతాను.

ముందు బావగారి వాదనలో ఉన్న బలాన్ని ఒప్పుకుందాం. దుకాణాలు ధర్మం కోసం ఉదారంగా ఉండవు. దుకాణంలో స్వయంగా చూసి కొన్న వస్తువును, ఏ లోపమూ లేకపోయినా, కేవలం నచ్చలేదని వెనక్కి ఇచ్చే హక్కు చాలా దేశాల చట్టాల్లో లేదు. బ్రిటన్‌లో లేదు, అమెరికా సమాఖ్య చట్టంలోనూ లేదు. అయినా దుకాణాలు తీసుకుంటున్నాయంటే అందులో వాటికి లాభం ఉంది. వాపసు నియమాల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. నియమం సడలించినప్పుడు వాపసులు పెరిగిన దానికంటే కొనుగోళ్లు ఎక్కువగా పెరుగుతాయని అందులో తేలింది. ఇంకో విచిత్రం కూడా బయటపడింది. గడువు ఎంత ఎక్కువ ఇస్తే వాపసులు అంత తగ్గుతున్నాయి. పక్షం రోజుల గడువైతే మనిషి తేదీ చూసుకుంటూ ఉంటాడు, నెలల గడువైతే రేపు చూద్దాంలే అనుకుంటాడు. ఈలోగా వస్తువు ఇంట్లో మనిషిలా కలిసిపోతుంది. చేతికి వచ్చిన వస్తువును వదులుకోవడానికి మనసు ఎందుకు ఒప్పదో ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లోనే వివరించారు. దుకాణాలకు ఆ సంగతి బాగా తెలుసు. నేను నియమాలు రాసిన గదిలో "ఎందరు తెచ్చిస్తారు" అన్న ప్రశ్న కంటే "ఎందరు తెచ్చివ్వకుండా ఊరుకుంటారు" అన్న ప్రశ్నే ఎక్కువసార్లు వినపడేది.

కాబట్టి దుకాణాన్ని అమాయకురాలిగా, బావగారిని దొంగగా చిత్రిస్తే ఆయన నవ్వుతారు. నవ్వడం న్యాయమే.

అయితే ఆ లెక్క ఎవరిని చూసి వేశారన్నది ఆయన పట్టించుకోలేదు. వస్తువు తనకు సరిపోతుందో లేదో తెలియక వెనకాడే మనిషిని చూసి వేసిన లెక్క అది. "తీసుకెళ్లండి, కుదరకపోతే తెచ్చివ్వండి" అన్న మాట ఆ మనిషి సందేహానికి దుకాణం చెప్పే సమాధానం. సరిపోతే ఉంచుకోవాలన్న కోరిక అతనికి ఉంది, సరిపోదేమోనన్న భయమే అడ్డు. ఆ భయాన్ని దుకాణం తన నెత్తిన వేసుకుంటోంది. మీ బావగారికి ఏ సందేహమూ లేదు. కెమెరా ఎంత బాగా పనిచేసినా ఆయన ఉంచుకోరు. నిజానికి అది బాగా పనిచేయడమే ఆయనకు కావాలి. బాగా పనిచేసినందుకే యాత్ర ముగిసే వరకూ వాడి, ఆ తర్వాత ఇచ్చేస్తారు. సంతృప్తి లేకపోతే తెచ్చివ్వమన్న చోట సంపూర్ణంగా సంతృప్తి చెంది తెచ్చిస్తున్నారు.

"నేను అబద్ధమాడలేదు" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. నోటితో ఆడలేదు, నిజమే. కౌంటర్‌లో ఎవరూ అడగరు కనుక ఆడాల్సిన అవసరం రాలేదు. కానీ మాట్లాడకుండా కూడా మనుషులు చెప్పుకునే సంగతులు చాలా ఉంటాయి. పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి డబ్బు కట్టడమంటే "దీన్ని కొంటున్నాను" అని చెప్పడమే. అమ్మేవాడికి అలాగే అర్థమవుతుంది, అలా అర్థం కావాలనే బావగారూ కోరుకుంటున్నారు. కాదనుకుంటే ఒక చిన్న పరీక్ష ఉంది. ఈసారి డబ్బు కట్టే ముందు, "దీన్ని యాత్రలో వాడుకుని నెలాఖరుకు తెచ్చిచ్చేస్తాను, పరవాలేదు కదా?" అని ఆయన అమ్మకందారుని అడగాలి. పరవాలేదని వాళ్లంటే నేనిక్కడ రాసిందంతా వెనక్కి తీసుకుంటాను. ఆయన ఎన్నడూ అలా అడగలేదు, అడగరు కూడా. అడిగితే పని జరగదని ఆయనకు తెలుసు. ఎదుటివాడికి తెలియకుండా ఉంటేనే జరిగే పని అని తెలిశాక, అందులో దాపరికం లేదనడం కుదరదు.

అలా అడిగే మనిషి ఎక్కడుంటాడు అనుకోకండి. ఉంటారు. ఒకసారి ఒకావిడ వచ్చి, తన చిన్న సంస్థకు ఒక్కరోజు సమావేశం ఉందని, ప్రొజెక్టర్ కొనే స్తోమత లేదని, తీసుకెళ్లి మర్నాడే ఇచ్చేస్తే మీకేమైనా ఇబ్బందా అని నేరుగా అడిగింది. కొత్తది అలా ఇవ్వలేమన్నాం. మా మేనేజరు కాసేపు తల గోక్కుని, ప్రదర్శనకు పెట్టిన పాతదాన్ని తీసి, పత్రం మీద సంతకం పెట్టించుకుని పంపాడు. నిజం చెప్పినవాళ్లందరికీ పని జరుగుతుందని నేను చెప్పడం లేదు. కాదన్నా కూడా ఆవిడ మర్యాదగానే వెళ్లిపోయేది. అడగడం వల్ల నిర్ణయం దుకాణం చేతిలో ఉంది, అంతే తేడా. బావగారి పద్ధతిలో ఆ నిర్ణయం దుకాణం దగ్గరకు రాదు, ఆయనే తీసేసుకుంటారు.

ఇక "వస్తువు పాడుచేయలేదు" అన్న మాట. ఇది వినీ వినీ నాకు అలవాటైపోయింది. వాపసు వచ్చిన కెమెరా కౌంటర్ వెనక ఏమవుతుందో ఆయన చూడలేదు కనుక చెబుతాను.

పెట్టె తెరవగానే మొదట చూసేది ప్లాస్టిక్ సంచుల మడతలు. కర్మాగారంలో వేసిన మడత ఒక తీరుగా ఉంటుంది, ఇంట్లో వేసిన మడత ఇంకో తీరుగా. తర్వాత కెమెరా వెనక తెర మీద గీతలు, మెడపట్టీకి అంటిన చెమట వాసన. లెన్సును మెల్లగా తిప్పితే ఎక్కడో కిర్రుమంటుంది. సముద్రతీరానికి వెళ్లొచ్చిందని అప్పుడే తెలిసిపోతుంది, ఆ ఇసుక రేణువు ఏ మృదువైన గుడ్డకూ రాదు. చాలా కెమెరాలు తమ షట్టర్ ఎన్నిసార్లు కదిలిందో లోపల లెక్క రాసుకుంటాయి. "ఒక్కసారి కూడా సరిగా వాడలేదండీ" అంటూ తెచ్చిచ్చిన కెమెరాలో ఆ లెక్క వేలల్లో కనిపించేది. మెమరీ కార్డు తీయడం మరిచిపోయి ఇచ్చేసినవాళ్లూ ఉన్నారు. సూర్యాస్తమయాలు, పిల్లలు, బృందంగా నవ్వుతూ తీయించుకున్న ఫోటోలు. కార్డు కోసం మళ్లీ కౌంటర్‌కు వచ్చినప్పుడు వాళ్ల ముఖం చూడాలి.

ఆ కెమెరాను కొత్తదని చెప్పి ఇక అమ్మకూడదు. అమ్మితే తర్వాత కొన్నవాడిని మోసం చేసినట్టే. అలా అమ్మే దుకాణాలూ ఉన్నాయి. పూర్తి ధర చెల్లించి, ఎవరో వాడిన వస్తువును కొత్తదనుకుని ఇంటికి తీసుకెళ్లే ఆ మనిషి బావగారి లెక్కలో ఎక్కడా కనిపించడు. నిజాయితీగల దుకాణమైతే ఒకరిని కూర్చోబెట్టి పరీక్షిస్తుంది, మళ్లీ ప్యాక్ చేస్తుంది, తెరిచిన పెట్టె అని చీటీ అంటించి తగ్గించిన ధరకు పెడుతుంది. లేదా తయారీదారుకు పంపుతుంది, కాకపోతే మిగతా వాపసులతో కలిపి గంపగుత్తగా వ్యాపారులకు తెగనమ్ముతుంది. అందులో ఏది చేసినా కొంత విలువ పోయినట్టే. పెట్టె తెరవడంతోనే వస్తువు విలువ తగ్గుతుంది, ఎంత జాగ్రత్తగా వాడినా సరే. చూడటానికి కొత్తగానే ఉంది కదా అనే వాదన ఇక్కడ నిలబడదు.

దుస్తుల సంగతి ఇంకా ఘోరం. ట్యాగును లోపలికి మడిచి, చిన్న సూదిపిన్నుతో పెట్టి, వేడుకకు వేసుకుని, మర్నాడు తెచ్చిచ్చేవాళ్లను పసిగట్టడం మా కౌంటర్‌లో కొత్తవాళ్లకు నేర్పే మొదటి పాఠం. చంకల దగ్గర తెల్లటి పొడిమరక, కాలరు మీద ముఖానికి రాసుకున్న క్రీము గీత, ఎంత గాలికి ఆరేసినా పోని సెంటు. దీనికి విరుగుడుగానే చాలా దుకాణాలు ఛాతీ మీద కనపడేలా పెద్ద ట్యాగు తగిలించి, అది తీస్తే వాపసు లేదని రాయడం మొదలుపెట్టాయి. దాంతో ఇంట్లో అద్దం ముందు నిజంగా వేసుకుని చూసుకోవాలనుకునే కొనుగోలుదారుకు కూడా ఆ ట్యాగు అడ్డం.

ఈ మొత్తం వ్యవహారంలో నేను ఎక్కువగా పట్టించుకునేది సంస్థ నష్టాన్ని కాదు. నష్టం సంస్థ దగ్గర ఆగదు. అమ్మకాల మీద కమీషన్ వచ్చే దుకాణాల్లో వస్తువు వాపసు వస్తే చాలాచోట్ల ఆ కమీషన్‌ను కూడా వెనక్కి తీసుకుంటారు. బావగారికి గంటసేపు నాలుగు కెమెరాలు చూపించి, లెన్సుల తేడాలు ఓపికగా వివరించిన కుర్రాడు ఉంటాడు. ఆ నెల జీతంలో ఆ గంట మాయమైపోతుంది. ఆయన వాదనలో "కంపెనీ" అన్న పెద్ద మాట వెనక ఈ కుర్రాడు దాక్కుని ఉన్నాడు.

ఆ తర్వాత నియమమే మారిపోతుంది. దీనికి కథలు కల్పించనక్కర్లేదు, జరిగినవే ఉన్నాయి. అమెరికాలో ఎల్.ఎల్.బీన్ అనే సంస్థ దశాబ్దాలపాటు కాలపరిమితి లేని సంతృప్తి హామీ ఇచ్చింది. 2018 ఫిబ్రవరిలో దాన్ని ఒక్క ఏడాదికి కుదించి, కొన్నట్టు రుజువు ఉండాలని షరతు పెట్టింది. ఏళ్ల తరబడి వాడి అరగదీసిన వస్తువులను, పాత సామాన్ల సంతల్లో వేరెవరి దగ్గరో కొన్న వస్తువులను కూడా తెచ్చి డబ్బు అడుగుతున్నారని కారణం చెప్పింది. పారేయడం తప్ప ఎందుకూ పనికిరాని అలాంటి వాపసుల వల్ల ఐదేళ్లలో 25 కోట్ల డాలర్లు పోయాయని ప్రకటించింది. ఆరుబయలు క్రీడల సామగ్రి అమ్మే ఆర్‌ఈఐ అనే సహకార సంస్థ అంతకుముందే, 2013లో, తన అపరిమిత హామీని ఏడాదికి తగ్గించుకుంది. అప్పటికే జనం ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను "అద్దె సామగ్రి సంస్థ" అనే అర్థం వచ్చేలా విరిచి సరదాగా పిలుచుకునేవారు. పెద్ద గిడ్డంగి దుకాణాలు నడిపే కాస్ట్‌కో 2007లో టీవీలు, కంప్యూటర్ల వంటి ఎలక్ట్రానిక్ వస్తువులకు 90 రోజుల గడువు పెట్టింది, మిగతా చాలా వస్తువులకు పాత నియమమే ఉంచింది. ఆన్‌లైన్ దుస్తుల వ్యాపారి ఏసోస్ 2019లో గడువును 45 రోజులకు పెంచింది. అదే సమయంలో, వేసుకుని తిప్పి పంపేవారి ఖాతాలు మూసేస్తామని హెచ్చరించింది.

చనువిస్తే చంకనెక్కినట్టు అని మనవాళ్లు అనేది ఇలాంటి చోటే. అయితే చంకనెక్కినవాళ్లు తర్వాత ఏమీ పోగొట్టుకోరు, అదే నాకు బాధ. కెమెరాలతో ఆట ఆడేవాళ్లు నియమం బిగిసిన రోజు ఇంకో దుకాణం చూసుకుంటారు. పాత సడలింపు మీద నిజంగా ఆధారపడిన మనుషులు వేరే. బిల్లు పోగొట్టుకున్న ముసలాయన. బహుమతిగా వచ్చిన చొక్కా పట్టక మార్చుకోవాలనుకునే మనిషి. సాధారణ కొలతలకు ఒదగని శరీరం ఉండి, ప్రతి దుస్తునూ వేసి చూస్తే తప్ప తెలియనివాళ్లు. ఎలర్జీ వచ్చి వాడలేకపోయినవాళ్లు. వీళ్లు వచ్చినప్పుడు కొత్త నియమం ప్రకారం "క్షమించండి, కుదరదు" అని చెప్పాల్సి వచ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. ఇప్పుడు కొన్ని పెద్ద సంస్థలు ఎవరు ఎన్నిసార్లు వెనక్కి ఇస్తున్నారో లెక్కగట్టి, అనుమానం వచ్చినవారి వాపసులను కంప్యూటరే తిరస్కరించే ఏర్పాటు చేసుకున్నాయి. ఆ కంప్యూటర్‌కు మనిషి ఉద్దేశం తెలియదు, సంఖ్య మాత్రమే తెలుసు. అన్యాయం చేయని వాడు కూడా ఆ వలలో పడతాడు.

"నేనొక్కడినే చేస్తే ఏమవుతుంది?" అన్న మాట కూడా బావగారు అని ఉంటారు. ఒక్కడే చేస్తే ఏమీ కాదు, ఒప్పుకుంటాను. ఆయన పద్ధతి పనిచేస్తున్నదే మిగతా వందమంది అలా చేయడం లేదు కనుక. అందరూ ఆయనలాగే చేస్తే మర్నాడు ఆ నియమమే ఉండదు, ఆయనకూ ఉండదు. నలుగురి నిగ్రహాన్ని ఆసరాగా చేసుకుని, ఆ నిగ్రహం తనకు వర్తించదనుకోవడమే ఇందులో నాకు నచ్చనిది. నష్టం ఎంత అన్నది తర్వాతి మాట.

మరి దుకాణాలే మనల్ని మోసం చేస్తుంటే? ఈ ప్రశ్నను తీసిపారేయలేను. కనపడని చోట షరతులు రాసేవి, చందా రద్దు చేయాలంటే చుక్కలు చూపించేవి చాలానే ఉన్నాయి. మిమ్మల్ని ఒక దుకాణం మోసం చేస్తే ఆ మోసం మీద పోరాడండి, నేనూ మీ పక్షమే. కానీ ఎక్కడో ఎవరో చేసిన మోసానికి, మీతో సజావుగా వ్యవహరించిన దుకాణం దగ్గర వసూలు చేసుకుంటామనడంలో తర్కం లేదు. నాకు కనిపించిన వింత ఏమిటంటే, ఈ వాదన చేసేవాళ్లు లోపమున్న వస్తువు వచ్చినప్పుడు గట్టిగా అడగరు. లోపం ఉన్న వస్తువును వెనక్కి ఇవ్వడం దుకాణం దయ కాదు, కొనుగోలుదారు హక్కు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును 30 రోజుల్లోగా తిరస్కరించి పూర్తి డబ్బు అడగవచ్చు. భారతదేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరిస్తే దాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. హక్కు ఉన్నచోట మొహమాటపడి, మర్యాద చూపినచోట చొరవ తీసుకునేవాళ్లను రోజూ చూశాను. కాలిపోయిన మిక్సీ పట్టుకుని "ఏమీ అనుకోకండి" అంటూ వచ్చేవాళ్లు ఒకవైపు. మరకల సూటు పట్టుకుని గొంతు పెంచేవాళ్లు ఇంకోవైపు.

మధ్యలో పడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. మీరు అడగకపోయినా కింద ఎవరో ఒకరు అడుగుతారు కనుక క్లుప్తంగా చెబుతాను. ఆన్‌లైన్‌లో ఒకే చొక్కా రెండు మూడు కొలతల్లో తెప్పించి, సరిపోయింది ఉంచుకుని మిగతావి పంపడం నా దృష్టిలో తప్పు కాదు. ఒకటి ఉంచుకోవాలన్న ఉద్దేశం నిజమైనదైతే చాలు, అమ్మేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన వినియోగదారుల హక్కుల ఆదేశం ఈ విషయంలో చక్కగా గీత గీసింది. దూరం నుంచి కొన్న వస్తువును 14 రోజుల్లో ఏ కారణమూ చెప్పకుండా వెనక్కి ఇవ్వవచ్చు. కానీ దుకాణంలో ఎంతవరకు పరీక్షించి చూస్తామో అంతవరకే చూడాలి. దుస్తులైతే వేసుకుని చూడవచ్చు, వేసుకుని తిరగకూడదు. అంతకు మించి వాడితే తగ్గిన విలువను కొనుగోలుదారే భరించాలి. ధర తగ్గిందని పాతది ఇచ్చి మళ్లీ కొనడం కంటే, తేడా డబ్బు ఇస్తారేమో అడగడం మేలు, చాలాచోట్ల ఇస్తారు. కొన్నాక ఖర్చు ఎక్కువైందని బెంగపడి తెరవని పెట్టెను తెచ్చివ్వడంలో అపరాధభావం అక్కర్లేదు, వాపసు నియమం ఉన్నదే అందుకు. ఇంటి మరమ్మతుకు ఒక్కసారి డ్రిల్లింగ్ యంత్రం కావలసినవాళ్లకు అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. కెమెరాలు, లెన్సులు కూడా అద్దెకు దొరుకుతాయని బావగారికి తెలియదంటే నేను నమ్మను.

ఒక్క సందర్భంలో మాత్రం నా గొంతు ఇంత గట్టిగా ఉండదు. ఉద్యోగం లేని కుర్రాడు ఇంటర్వ్యూకు మంచి కోటు కొని, వేసుకుని వెళ్లి, మర్నాడు తెచ్చిచ్చాడనుకోండి. చేసిన పని స్వభావం అదే. కానీ అవసరం వేరు, చేయగలిగిన ప్రత్యామ్నాయాలు వేరు. యాత్రలు చేసే స్తోమత ఉండి కెమెరా అద్దె మిగుల్చుకునే మనిషినీ ఇతన్నీ నేను ఒకే గాటన కట్టను. కౌంటర్‌లో అలాంటివాళ్లు కొందరు వచ్చారు. ఇస్త్రీ మడత నలిగిన కోటు, చేతిలో బిల్లు, మా కళ్లలోకి చూడని చూపు. మేము ప్రశ్నలు వేయకుండానే తీసుకున్నాం. దాన్ని ఒప్పని నేను అనను. తీసుకోకుండా ఉండలేకపోయాం, అంతవరకే చెప్పగలను.

ఇప్పుడు మీ బూట్లు. ఎల్.ఎల్.బీన్ కథలో నేను చెప్పని మొదటి భాగం ఒకటి ఉంది, అది మీకు పనికొస్తుంది. 1912లో ఆ సంస్థ స్థాపకుడు లియోన్ లియోన్‌వుడ్ బీన్ రబ్బరు అడుగుకు తోలు పైభాగం కుట్టిన వేటగాళ్ల బూట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మొదట అమ్మిన 100 జతల్లో 90 జతలు కుట్టు విడిపోయి వెనక్కి వచ్చాయి. ఆయన డబ్బు తిరిగి ఇచ్చేసి, అప్పు చేసి లోపం సరిదిద్దాడు. ఆ హామీ మొదట పరీక్షకు నిలిచిందే బూట్ల అడుగు ఊడిపోయినప్పుడు. తయారీలో తప్పు జరిగితే ఆ భారం మాది అన్నది దాని అసలు అర్థం. తర్వాతి కొనుగోలుదారుల్లో కొందరు దాన్ని జీవితాంతం కొత్త వస్తువులు ఇచ్చే పథకంగా మార్చుకున్నారు.

కాబట్టి మీ బూట్లను ఒకసారి తిప్పి చూడండి. అడుగు మీద గాళ్లు ఇంకా లోతుగా ఉండి, పైభాగం గట్టిగా ఉండి, జిగురు మాత్రమే విడిపోయిందా? అయితే అది తయారీ లోపం. రెండేళ్లయినా నిశ్చింతగా తీసుకెళ్లండి. ఎక్కువ వాడకుండా అటక మీద పెట్టిన బూట్లకు కూడా కొన్నిసార్లు మధ్య పొర పొడిపొడిగా రాలి అడుగు ఊడుతుంది. పాలీయూరిథేన్ అనే పదార్థం గాలిలోని తేమకు కాలక్రమంలో విచ్ఛిన్నమవుతుంది, అది వాడకపు లోపం కాదు. అదే, గాళ్లు చదునై, మడమ ఒకవైపు అరిగి, తోలు పగిలి, ఆ తర్వాత ఊడిందంటే బూట్లు తమ పని తాము చేసి అలసిపోయాయి. వాటి విలువ మీకు ముట్టింది. వాటిని చెప్పులు కుట్టేవాడి దగ్గరకు తీసుకెళ్లండి, కొత్త అడుగు వేస్తాడు.

నేను ముందు చెప్పిన షరతు ఇదే: కౌంటర్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "రెండేళ్ల క్రితం కొన్నాను, ఇన్నిసార్లు వాడాను, ఇక్కడ ఊడింది. మీ హామీ కిందకు వస్తుందా?" అని అడగండి. ఊరికే "నచ్చలేదు" అని చెప్పకండి, ఎందుకంటే ఆ చీటీ మీద మీరు చెప్పిన కారణమే కంప్యూటర్‌లోకి వెళుతుంది. "లోపం" అని నమోదైతే ఆ సమాచారం తయారీదారు దాకా చేరి, అదే తప్పు ఇంకో జతలో రాకుండా చూస్తారు. "నచ్చలేదు" అని నమోదైతే ఎవరూ చూడరు. కౌంటర్‌లోని మనిషికి సాధారణంగా మూడు దారులు ఉంటాయి: పూర్తి డబ్బు, వాడిన కాలానికి కొంత తగ్గించి దుకాణంలో వాడుకునే చీటీ, లేదా ఉచిత మరమ్మతు. రెండేళ్లు వాడిన జతకు నేనైతే మరమ్మతు ముందు అడుగుతాను, కాదంటే చీటీ. పూర్తి డబ్బు వాళ్లంతట వాళ్లే ఇస్తామంటే తీసుకోండి, నిజం చెప్పి తీసుకున్న డబ్బు అది.

బావగారి దగ్గర ఇప్పుడున్న కెమెరాకు గడువు ఇంకా మిగిలి ఉందని రాశారు. వాదించి ఆయన్ని గెలవాలని చూడకండి, బంధుత్వం చెడుతుంది. వచ్చే యాత్రకు కెమెరా అద్దెకు ఎంత అవుతుందో కనుక్కుని ఆయనకు పంపండి. ఉన్నదాన్ని వెనక్కి ఇచ్చేటప్పుడు మాత్రం లోపలి మెమరీ కార్డు తీయమని చెప్పండి, కెమెరా అమరికలను మొదటి స్థితికి తెచ్చి, తన పేరు, వైఫై వివరాలు చెరిపేయమనండి. "వాడిన వస్తువు, తెరిచిన పెట్టెగా అమ్ముకోండి" అని కౌంటర్‌లో ఒక్క మాట చెప్పినా చాలు, తర్వాత కొనబోయేవాడికి కొంత మేలు జరుగుతుంది.

బూట్ల దుకాణంలో జవాబు ఏమొచ్చిందో వీలైతే ఇక్కడే రాయండి. జిగురు విడిపోయిన బూట్లకు మరమ్మతు అడిగితే ఈ రోజుల్లో ఎలా స్పందిస్తున్నారో నాకూ తెలుసుకోవాలని ఉంది.